మిరుగు వాన పడింది, చెల్కలో పత్తి గింజ ఇప్పుడే పెట్టొచ్చా?

పరకాల పత్తిచేను
అన్నలూ, మాది పరకాల దగ్గర పల్లె. మూడెకరాల చెల్క (ఎర్ర ఇసుక నేల), ఎకరంన్నర నల్లరేగడి. బోరు లేదు, మొత్తం వాన మీదే. మిరుగు (మృగశిర కార్తె) పెట్టగానే ఒక మంచి వాన పడింది, ఊళ్లో సగం మంది అప్పుడే అచ్చు తోలి (సాళ్ల గీతలు గీసి) గింజ పెట్టేశారు, మిగతావాళ్లు కూలీల కోసం తిరుగుతున్నారు. మా నాన్న కూడా ఆగేలా లేడు. ఈసారి వానలు మామూలుగానే ఉంటాయని అంటున్నారు కదా, ఇంకా భయం దేనికి అంటాడు. నాకేమో టెన్షన్. మొలక పోతే మళ్లీ ప్యాకెట్లు, మళ్లీ కూలీలు. పెట్టాలా, ఇంకో వాన చూడాలా?

ఆత్మకూరు కాక
తమ్మీ, రెండు భూములకూ ఒకటే జవాబు అడుగుతున్నవు, అక్కడే తేడా వస్తది. రేగడి తడవాలంటే వాన ఎక్కువే కావాలి, కానీ ఒక్కసారి లోపలికి తడిసిందంటే వారం పది రోజులు వాన లేకున్నా మొలకను కాపాడుతుంది. చెల్క తొందరగా తడుస్తది, రెండు ఎండలు కొట్టినయంటే ఆరిపోతది. రోహిణి కార్తెలో కాలిన భూమి ఇంకా లోపల వేడిగానే ఉంటది, పైపైన తడి చూసి గింజ పెడితే అది ఉబ్బి, మొలక ఎత్తేలోపే మాడిపోతది. వాన ఎంత పడ్డదని ఊళ్లో అడగకు, పార తీసుకుని చేన్లోకి పో. నాలుగు చోట్ల తవ్వి చూడు. జానెడు లోతు దాకా తడి ఉండి, ఆ మట్టి పిడికిట్లో పట్టి ఒత్తితే ముద్ద కట్టాలి, బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా విడిపోవాలి. అది పదును. నాలుగు వేళ్ల కింద పొడి దుమ్మే ఉందంటే పక్కోడు పెట్టినా నువ్వు పెట్టకు. మీ నాన్నను కూడా తీసుకపో, నీ మాట వినకపోయినా మట్టి మాట వింటడు.

అగ్రి స్టూడెంట్ హన్మకొండ
కాక చెప్పింది కరెక్ట్. మాకు చెప్పే లెక్క కూడా అదే, 60 నుంచి 70 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి విత్తాలి. అది కూడా మండల కేంద్రంలో నమోదైన వాన కాదు, మీ చేన్లో పడిన వాన. మన దగ్గర వాగుకు ఇవతల కురిసి అవతల కురవని రోజులే ఎక్కువ.

ఇక ఆ "మామూలు వర్షపాతం" సంగతి. అది నాలుగు నెలల మొత్తం. పైరుకు కావాల్సింది మొత్తం కాదు, వానకూ వానకూ మధ్య ఎడం. 2023 గుర్తుందా? జూలై 27న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లోనే 649.8 మిల్లీమీటర్లు పడింది, మోరంచపల్లి మునిగింది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తం మీద 1901 నుంచి చూస్తే అన్నిటికంటే పొడి ఆగస్టు. రెండూ కలిపి సగటు తీస్తే కాగితం మీద బాగానే కనబడుతుంది, చేన్లో మాత్రం ముందు నీళ్లు నిలిచి వేర్లు ఊపిరాడక ఎర్రబారిన పత్తి, ఆ తర్వాత వరపుకు (వాన లేని ఎండ రోజులకు) పూత, గూడ (పూమొగ్గ) రాల్చుకుంది.

నర్సంపేట మిర్చిపత్తి
ఆగమని అందరూ అంటున్నారు గానీ ఎప్పటిదాకా అనేది ఎవరూ చెప్పట్లేదు. జూలై 20 దాటితే పత్తి ఆశ వదులుకోవాల్సిందే. ఆలస్యమైన పత్తికి గులాబీ రంగు పురుగు బెడద ఎక్కువ, చివరి కాయలకు భూమిలో తడి కూడా మిగలదు, ముఖ్యంగా చెల్కలో. అట్లని ముందు పెట్టినోళ్లు గెలిచినట్టూ కాదు. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను మన వరంగల్‌ను ముంచినప్పుడు పగిలిన పత్తి చెట్టు మీదే నానింది. తేమ 8 శాతం దాటితే సీసీఐ (పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) దగ్గర ధర కోత, 12 దాటితే కొననే కొనరు. మద్దతు ధర ఎంత ఉంటే ఏం లాభం చెప్పండి.

నేనైతే భూమంతా ఒక్కరోజే పెట్టను. చెల్కలో వాలుకు అడ్డంగా బోదెలు (మట్టి కట్టలు, మధ్యలో కాలువలు) తోలించు తమ్ముడూ, కుండపోత పడితే నీళ్లు కాలువలో పోతాయి, వరపు వస్తే ఆ కాలువలోనే కొంత పదును నిలుస్తుంది. నాలుగైదు సాళ్లకు ఒక సాలు కంది వెయ్యి. పత్తి దెబ్బతిన్నా కంది వేరు లోతుకు పోతుంది కాబట్టి ఎంతో కొంత చేతికొస్తుంది. పోగుంటలు (మొలవని ఖాళీలు) నింపడానికి కొంచెం గింజ ఇంట్లో ఉంచుకో, మొలిచాక దుకాణంలో అదే రకం దొరుకుతుందని నమ్మకం లేదు.

పరకాల పత్తిచేను
అందరికీ థ్యాంక్స్. నాన్నతో కలిసి తవ్వి చూశాం. చెల్కలో బెత్తెడు లోతు కూడా తడి లేదు, పైన మాత్రం పొర కట్టింది. రేగడిలో జానెడు దిగింది. రేగడి ఎకరంన్నర రేపు పెడుతున్నాం, చెల్క ఆరుద్ర కార్తె దాకా చూద్దామని నాన్నే అన్నాడు, కాకపోతే ఊళ్లో నలుగురి ముందు అది తన ఆలోచనే అని చెప్పుకుంటున్నాడు. కందిలో ఏ రకం తీసుకోవాలి? ఎండు తెగులు మా దగ్గర ఎక్కువ.

ఆత్మకూరు కాక
వరంగల్ పరిశోధన స్థానం రకం డబ్ల్యూఆర్‌జీ-65 అడుగు, రుద్రేశ్వర అంటరు. బిల్లు మాత్రం తప్పకుండా తీసుకో.