ముగింపు పాఠకుడికి ఏం బాకీ పడింది?

చదువరి (చర్చ ప్రారంభం):
మన కథలపైనా నాటకాలపైనా తరచూ వినిపించే ఫిర్యాదు, చివరికి ఎవరేమయ్యారో రచయిత చెప్పలేదన్నది. అందరి భవిష్యత్తునూ చెప్పడం ముగింపు పని కాదనీ, కథ తాను లేవనెత్తిన ప్రశ్నకు తన పాత్రల స్వభావంలోంచే జవాబు రాబట్టినప్పుడు పాఠకుడికి తృప్తి కలుగుతుందనీ నా వాదన. ఇందుకు గురజాడ ‘కన్యాశుల్కం’ కంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయిన ఆ నాటకాన్ని ఆయన చాలావరకు తిరగరాసి 1909లో మళ్లీ ప్రచురించారు. ఈ రెండో కూర్పులో గిరీశాన్ని పోలీసులు పట్టుకోరు, దైవమూ శిక్షించదు. అతని గుట్టు తెలిసిన వేశ్య మధురవాణి, వకీలు సౌజన్యారావు పంతులు ఇంటికి రావడంతో, అంతవరకూ అతణ్ణి సంస్కర్తగా నమ్మిన పంతులు గుమ్మం చూపిస్తాడు. మాటలతోనే బతికినవాడికి తన మాట చెల్లని చోటు ఎదురుకావడం కంటే తగిన శిక్ష ఏముంటుంది? ‘డామిట్! కథ అడ్డంగా తిరిగింది’ అన్న చివరి మాటలో పశ్చాత్తాపం లేశమైనా లేదు. ఉంటే అంతవరకూ ఏడు అంకాలలో మనం చూసిన గిరీశం అబద్ధమైపోయేవాడు.

రంగస్థలం:
గిరీశం వరకూ మీతో ఏకీభవిస్తాను. కానీ నాటకం ఎవరి బతుకుల గురించి పుట్టిందో ఆ ఆడపిల్లల మాటేమిటి? అతణ్ణి నమ్మి ఇల్లు విడిచి వచ్చిన బాలవితంతువు బుచ్చమ్మను పూనాలోని వితంతువుల శరణాలయానికి పంపాలని పంతులు నిర్ణయిస్తారు. ఆమె ఆ చివరి రంగంలో లేదు, ఆమె ఇష్టాన్ని అడిగినవారూ లేరు. ముగింపు తృప్తినిచ్చిందనేటప్పుడు, ఆ తృప్తి ఎవరి వైపు నిలబడి పొందినదో కూడా చెప్పాలి కదా.

పాత పుస్తకం:
అందరినీ కలిపేసినంత మాత్రాన తృప్తి రాదని డికెన్స్ నవల ‘గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్’ చూపుతుంది. కథానాయకుడు పిప్, అతను ప్రేమించిన ఎస్టెల్లా విడిపోయేలా ఆయన మొదట రాశారు. మిత్రుడు బుల్వర్ లిటన్ సలహాతో మార్చి, వాళ్లు కలిసి నడిచే ముగింపుతో 1861లో ప్రచురించారు. ఆ మార్పు సరైనదా కాదా అని నేటికీ వాదనలు జరుగుతున్నాయి. నాకైతే మొదటిదే నచ్చుతుంది.

చదువరి:
రంగస్థలం గారూ, బుచ్చమ్మకు మారుమనువు జరిపించి మంగళం పాడటం గురజాడకు కష్టమైన పని కాదు. ముసలివాడికి కట్టబెట్టేటప్పుడు తండ్రి అడగలేదు, లేవదీసుకువచ్చినవాడు ఆలోచించుకోనివ్వలేదు. అలాంటి పిల్లకు చివరి రంగంలో హఠాత్తుగా నోరిస్తే మనకు ఊరట కలిగేదేమో కానీ, ఆనాటి నిజం మరుగునపడేది. పంతులు చూపిన దారిలో కనీసం చదువు ఉంది.

రంగస్థలం:
ఆ నిజాయితీని నేను కాదనడం లేదు. అయినా విజయనగరంలోని బొంకులదిబ్బ మీద గిరీశం స్వగతంతో మొదలైన నాటకంలో ఆఖరి మాట కూడా అతనికే దక్కింది. మధురవాణి గెలిచిన రంగంలోనైనా అది ఆమెకు దక్కి ఉండవలసిందని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.