ఫౌండేషన్స్ వెలుగు క్లెమ్ కర్టిస్ గొంతుదా, టోనీ మెకాలే పాటలదా?

ప్లేటుముల్లు:
లండన్ బేస్‌వాటర్‌లో మొదలై, 1967లో పైకొచ్చి, 1970కల్లా చెదిరిపోయిన బ్యాండు ఫౌండేషన్స్. వాళ్ళ హిట్లు రాసినవాళ్ళలో ముఖ్యుడు టోనీ మెకాలే. ట్రినిడాడ్‌లో పుట్టిన క్లెమ్ కర్టిస్ గొంతు, డొమినికా నుంచి వచ్చిన ఎరిక్ అల్లండేల్ ట్రాంబోన్, సిలోన్‌లో పుట్టిన టోనీ గోమెజ్ ఆర్గన్. మొదటి పాట ‘బేబీ, నౌ దట్ ఐవ్ ఫౌండ్ యూ’ 1967 నవంబరులో బ్రిటన్‌లో 1వ స్థానం. 1968లో క్లెమ్ వెళ్ళిపోయాడు. పతనం అక్కడే మొదలైందంటాను.

బాకా:
పతనమేంటండీ! ‘బిల్డ్ మీ అప్ బటర్‌కప్’ ఆయన వెళ్ళాకే వచ్చింది. బ్రిటన్‌లో 2, 1969 మొదట్లో అమెరికాలో 3. మొదటి పాట అక్కడ 11 దాటలేదు.

సన్నాయి:
బటర్‌కప్ పాడింది క్లెమే. నా దగ్గరున్న సంకలనం మీద ఆయన పేరే ఉంది.

బాకా:
అది చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ పాడిన రికార్డు. అసలుది క్లెమ్ స్థానంలో వచ్చిన కాలిన్ యంగ్ పాడాడు. పోల్చుకోవడం సులువే: అట్ట వెనక రికార్డింగ్ సంవత్సరం 1968, రికార్డు కంపెనీ పేరు ‘పై’ (Pye) అని ఉండాలి. అట్ట మీద సంవత్సరం లేకపోతే అనుమానించండి. క్లెమ్‌ది బరువైన, కాస్త గరుకు గొంతు, కాలిన్‌ది పైస్థాయిలో తేలిపోయే గొంతు. మొదటి హిట్టు, ఇదీ వెంటవెంటనే వింటే తెలిసిపోతుంది.

శ్రుతిపెట్టె:
గొంతుల గొడవ పక్కనపెట్టి బటర్‌కప్ పల్లవి చూడండి. సి మేజర్ స్కేలులో సి, ఇ7, ఎఫ్, జి కార్డులు (కలిపి మోగించే స్వరాల గుత్తులు). ఇ7లోని జి షార్ప్ స్కేలు బయటి స్వరం. అది పైనున్న ఎ వైపు లాగుతుంది, ఆ ఎ తర్వాతి ఎఫ్ కార్డులో దొరుకుతుంది. గిటారు నేర్చుకునేవాళ్ళు అక్కడ ఇ మైనర్ పట్టుకుంటారు, పాట చప్పబడిపోతుంది. ఆ లాగుడు ఈ పాట రాసిన మెకాలే, మైక్ డాబో పెట్టింది. ఎవరు పాడినా ఉంటుంది.

ప్లేటుముల్లు:
ఎవరు పాడినానా? మరి 1968లో మెకాలే, జాన్ మెక్లౌడ్ కలిసి రాసిన ‘ఎనీ ఓల్డ్ టైమ్’ బ్రిటన్‌లో 48వ స్థానం దగ్గరే ఎందుకు ఆగిపోయింది? రాసినవాడి చేతిలో మంత్రదండం ఏమీ లేదు.

బాకా:
మీ మాట మీకే తగులుతుంది, ఆ 48 పాడింది క్లెమే! 1969లో అల్లండేల్ రాసిన ‘బోర్న్ టు లివ్, బోర్న్ టు డై’ 46. అదే ఏడాది మెకాలే పాట ‘ఇన్ ద బ్యాడ్ బ్యాడ్ ఓల్డ్ డేస్’ 8.

ప్లేటుముల్లు:
అంకెలు చాలించండి. పాడినవాణ్ణి కూలివాడిలా చూడటం నాకు కడుపుమంట. బటర్‌కప్ అమెరికాలో ఏఎం, ఎఫ్ఎం రేడియోలో మోగిన ప్రతిసారీ రాసినవాళ్ళకూ పబ్లిషర్‌కూ డబ్బు. పాడిన కాలిన్‌కు, ఊదిన అల్లండేల్‌కు అక్కడి చట్టం ప్రకారం సున్నా. పాత బ్యాండ్లవాళ్ళు హిట్లను మళ్ళీ రికార్డు చేసుకునేది ఇందుకే: కొత్త మాస్టర్ (మూల రికార్డింగ్) హక్కు తమ చేతిలో ఉంటే సినిమాకో ప్రకటనకో ఇచ్చినప్పుడు వాటా వస్తుంది.

రాయల్టీ:
ఇదన్నమాట అసలు తగాదా. అయితే మెకాలేను దొరగా చూపకండి. 1966లో, 21 ఏళ్ళకి, ష్రోడర్ అనే పబ్లిషర్‌కి సంతకం పెట్టాడు. అడ్వాన్సు 50 పౌండ్లు, గడువు 5 ఏళ్ళు, రాయల్టీ 5,000 పౌండ్లు దాటితే దానంతట అదే మరో 5. పబ్లిషర్ నెల నోటీసుతో తప్పుకోవచ్చు, రాసినవాడికి ఆ దారి లేదు. పాటను ప్రచురించి తీరాలన్న షరతూ లేదు. 1974లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ ఒప్పందం చెల్లదంది, వృత్తికి అన్యాయంగా అడ్డుకట్ట వేస్తోందని.

ప్లేటుముల్లు:
ఆయన కోర్టుకెళ్ళి గెలిచాడు, సంతోషమే. కానీ ఆ తీర్పు వల్ల బటర్‌కప్ పాడినవాడి వాటా పెరగలేదు కదండీ.

బాకా:
పెరగలేదు, నిజమే. అయినా పాట లేనిదే వాటా ఎక్కడిది?

సన్నాయి:
అట్ట వెనక చూశాను. 1968 లేదు, ‘పై’ కంపెనీ పేరూ లేదు. బాకా గారు చెప్పిందే నిజం.