మూడు గంటల మోడలింగ్ టెస్ట్: డీసీఎఫ్ కట్టాలా, నోట్ మీద కూర్చోవాలా?

సున్నపురాయి:
ముంబైలో ఒక బ్రోకింగ్ సంస్థ, ఈక్విటీ రీసెర్చ్, సిమెంట్ రంగం, అసోసియేట్ పోస్టు. టెస్ట్ మూడు గంటలు. ఒక కంపెనీ వార్షిక నివేదిక, తాజా క్వార్టర్ ఫలితాలు, కాన్‌కాల్ (ఫలితాల మీద యాజమాన్యం విశ్లేషకులతో ఫోన్లో మాట్లాడేది) ట్రాన్స్‌క్రిప్ట్, ఖాళీ ఎక్సెల్ ఇస్తారట. రెండేళ్ల అంచనాలు లెక్కేసే ఎక్సెల్ మోడల్, టార్గెట్ ప్రైస్ (షేరు చేరుతుందనుకునే ధర), ఒక పేజీ నోట్ ఇవ్వాలి. మూడు స్టేట్‌మెంట్లూ (లాభనష్టాలు, బ్యాలెన్స్ షీట్, క్యాష్ ఫ్లో) కట్టి డీసీఎఫ్ (రాబోయే నగదుని నేటి విలువకి తగ్గించి కంపెనీకి విలువ కట్టడం) దాకా వెళ్లాలా, చిన్న మోడల్‌తో ఆపి నోట్‌కి టైమ్ ఉంచుకోవాలా? ఇంకా రెండు వారాలుంది.

లెడ్జర్:
మోడలే ముందు. బ్యాలెన్స్ షీట్‌లో రెండు వైపులా మొత్తాలు కలవని ఫైల్ పంపితే నోట్ ఎవరూ తెరవరు. చదవడానికి 20 నిమిషాలు, మోడల్‌కి 100, నోట్‌కి 40, సరిచూసుకోవడానికి 20.

కలవకపోతే కంగారుపడి వరుస వరుసా వెతకొద్దు. తేడా ప్రతి ఏడూ ఒకే అంకె అయితే తప్పు మొదటి ఏడాదిలోనే ఉంది. ఏటేటా మారుతుంటే క్యాష్ ఫ్లోలో ఏదో వరుస తప్పింది, డివిడెండ్ మర్చిపోవడం మామూలే. తేడాని రెండుతో భాగించి చూడండి. వచ్చిన అంకె ఇన్వెంటరీ పెరుగుదలకి సరిపోతే ప్లస్ మైనస్ తారుమారైనట్టే. వడ్డీని సగటు అప్పు మీద లెక్కేస్తే సర్క్యులర్ రిఫరెన్స్ (గడి తిరిగి తన మీదే ఆధారపడటం) వచ్చి ఫైలంతా ఎర్రర్లతో నిండిపోవచ్చు. టెస్టులో ఏడాది మొదట్లో ఉన్న అప్పు మీదే వేయండి, ఎందుకలా వేశారో పక్క గడిలో ఒక్క ముక్క రాయండి.

కాన్‌కాల్ చెవి:
లెడ్జర్ గారితో సగమే ఏకీభవిస్తాను. మూడు గంటల టెస్టులో బ్యాలెన్స్ షీట్ మొత్తం కట్టి డీసీఎఫ్ దాకా వెళ్లడమంటే అసలు వదిలి కొసరు పట్టుకోవడమే. డిస్కౌంట్ రేటు 11 శాతం అనుకోండి. దీర్ఘకాల వృద్ధిని 5 నుంచి 6కి మార్చగానే టెర్మినల్ వాల్యూ (అంచనా వేసిన ఏళ్ల తర్వాతి కాలానికంతా కట్టే విలువ) 20 శాతానికి పైనే పెరుగుతుంది. ఆ 6 ఎక్కడిదని ఇంటర్వ్యూలో అడిగితే ఏం చెబుతారు?

వాళ్లు చూసేది ఈ లెక్క చేతిలో ఉందా లేదా అని. అంకెలు ఊహించినవే: అమ్మకం 50 లక్షల టన్నులు, టన్నుకి రూ. 5,000 రియలైజేషన్ (కంపెనీ చేతికి నికరంగా వచ్చే ధర), అంటే రాబడి రూ. 2,500 కోట్లు. టన్నుకి ఎబిటా (తరుగుదల, వడ్డీ, పన్ను తీయకముందు లాభం) రూ. 800, మొత్తం 400 కోట్లు. తరుగుదల 120, వడ్డీ 80 తీస్తే 200. పన్ను 25.17 శాతం పోగా లాభం 150 కోట్లు. షేర్లు 10 కోట్లు, ఈపీఎస్ (షేరుకి లాభం) రూ. 15.

ఇప్పుడు ధర టన్నుకి రూ. 100 తగ్గించండి. రెండు శాతమే. ఎబిటా 350కి దిగుతుంది, 12.5 శాతం కోత. ఈపీఎస్ రూ. 11.2, అంటే పావు వంతు ఎగిరిపోయింది. ఈవీ (అప్పుతో సహా కంపెనీ మొత్తం విలువ) ఎబిటాకి 9 రెట్లు, నికర అప్పు (చేతిలో నగదు పోగా) 900 కోట్లు అనుకుని, ఈవీలో అప్పు తీసేసి షేర్లతో భాగిస్తే టార్గెట్ రూ. 270 నుంచి 225కి వస్తుంది. నోట్ మొదటి పేరాలో ఉండాల్సింది ఇదే: రేటింగ్ (కొనాలా, అమ్మాలా), పాత టార్గెట్, కొత్త టార్గెట్, ఏ అంచనా మారడం వల్ల. ‘కంపెనీ ఆశాజనకమైన పనితీరు కనబరిచింది’ అని మొదలుపెడితే ప్రెస్ నోట్ చదివినట్టుంటుంది.

బస్తా లెక్క:
మీరిద్దరూ వదిలేసింది ఒకటుంది. షాపులో బస్తా ధరని 20తో గుణించి రియలైజేషన్ అనేస్తారు చాలామంది. బస్తా 50 కిలోలు, రూ. 350 అయితే టన్నుకి 7,000. అందులో 18 శాతం జీఎస్టీ తీస్తే 5,932, డీలర్ మార్జిన్, డిస్కౌంట్లు పోతే ఇంకా తక్కువ. 2025 సెప్టెంబర్ 22కి ముందు జీఎస్టీ 28 శాతం, అప్పుడదే 350కి 5,469. ఆ తేదీకి అటూ ఇటూ బస్తా ధరలు పోల్చి ‘ధర పడిపోయింది’ అని రాస్తే తప్పే. ఇంకో మాట: లక్షల టన్నుల్ని రూపాయలతో గుణించి 100తో భాగిస్తే కోట్లు వస్తాయి. ఒక్క సున్నా జారినా మోడలంతా గల్లంతు.

లెడ్జర్:
బ్యాలెన్స్ షీట్ అక్కర్లేదనేవాళ్లకి ఒక ప్రశ్న. కాన్‌కాల్ చెవి గారు 9 రెట్లు వేసింది వచ్చే ఏడాది ఎబిటా మీద. మరి తీసేసింది ఏ తేదీ అప్పు? కొత్త ఉత్పత్తి లైన్ కోసం ఈలోగా 520 కోట్లు ఖర్చవుతుందనుకోండి. ఎబిటా 400లో వడ్డీ 80, పన్ను 50 పోతే చేతికొచ్చేది 270. లోటు 250, నికర అప్పు 1,150 అవుతుంది. టార్గెట్ 270 కాదు, 245. పైగా ఇంకా కడుతున్న ప్లాంటుకి తరుగుదల ఉండదు, దాని అప్పు మీద వడ్డీ కూడా ఆస్తిలోనే కలుస్తుంది. ప్లాంటు మొదలవగానే రెండూ ఒక్కసారిగా లాభనష్టాల ఖాతాలోకి దిగుతాయి. ఇది పట్టుకోకపోతే రెండో ఏడాది ఈపీఎస్ ఉబ్బిపోతుంది.

కాన్‌కాల్ చెవి:
ఒప్పుకున్నాను. అప్పు, క్యాపెక్స్ (ప్లాంట్ల మీద పెట్టే ఖర్చు) షెడ్యూల్ ఉండాల్సిందే. దానికి బ్యాలెన్స్ షీట్ మొత్తం ఎందుకు? ఆ అరగంట నోట్‌కి ఇవ్వండి.

సున్నపురాయి:
ఈ రెండు వారాలూ ప్రాక్టీస్ ఎలా చేయమంటారు?

కాన్‌కాల్ చెవి:
స్టాక్ ఎక్స్ఛేంజ్ సైట్లో నాలుగు క్వార్టర్ల కిందటి ఫలితాలు దించుకోండి, కన్సాలిడేటెడ్ (అనుబంధ కంపెనీలు కలిపిన) కాలమ్ మాత్రమే చూడండి. గడియారం పెట్టుకుని 40 నిమిషాల్లో నోట్ రాయండి. తర్వాతి క్వార్టర్ ఫలితం తెరిచి, ధర, ఇంధనం, రవాణా మూడింట్లో ఎక్కడ గురి తప్పిందో చూడండి. మూడు కంపెనీలు చాలు. టెస్ట్ రోజు మాత్రం ఆఖరి 25 నిమిషాల్లో మోడల్‌లో అంచనాలు ముట్టుకోవద్దు. ఎక్సెల్‌లో 245, నోట్‌లో 270 ఉంటే అక్కడితో సరి.

లెడ్జర్:
వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ వ్యాపారంలో ఇరుక్కునే డబ్బు) మాత్రం వదలొద్దండీ. 2,500 కోట్ల రాబడికి బాకీల వసూలు పది రోజులు ఆలస్యమైతే 68 కోట్లు ఇరుక్కుంటాయి. షేరుకి దాదాపు ఏడు రూపాయలు.

కాన్‌కాల్ చెవి:
ఏడు రూపాయల కోసం అరగంటా?

లెడ్జర్:
అరగంట ఎక్కడిది, మూడు వరుసలు. బాకీల రోజులు, సరుకు రోజులు, చెల్లింపుల రోజులు.