హెర్షీ బేర్స్ అంటే ఆ చాక్లెట్ హెర్షీయేనా?

ప్రశ్న: ఐస్ హాకీ ఈమధ్యే చూడటం మొదలుపెట్టాను. ఉత్తర అమెరికాలో పెద్ద హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌కి ఒక మెట్టు కింద ఉండే ఏహెచ్‌ఎల్‌లో హెర్షీ బేర్స్ అనే జట్టు ఉంది. చాక్లెట్ కంపెనీ జట్టా? చిన్న లీగ్ జట్టుకి ఇంత పేరేంటి?

జవాబు 1: ఆ హెర్షీయేనండీ. హెర్షీ అంటే అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆ కంపెనీ చుట్టూ పెరిగిన ఊరు. జట్టు 1932లో మొదలైంది. అప్పట్లో పేరు బార్స్, అంటే అచ్చంగా చాక్లెట్ బార్లే! మరీ ప్రకటనలా ఉందని గొడవ వస్తే 1936లో బేర్స్ చేశారు. ఒక్క అక్షరం అటూఇటూ, ఎలుగుబంటి వచ్చేసింది. 1938 నుంచి ఏహెచ్‌ఎల్‌ వదల్లేదు. ఈ స్థాయిలో జట్లు ఊళ్లు మారుతూనే ఉంటాయి, వీళ్లు మాత్రం కదల్లేదు. నేను వీళ్లకి పడిపోయింది అందుకే.

జవాబు 2: కప్పుల సంగతి మర్చిపోయారు. ఏహెచ్‌ఎల్‌ విజేతకిచ్చే కాల్డర్ కప్ 13 సార్లు, లీగ్ రికార్డు. 2023, 2024లో వరుసగా కొట్టారు.

జవాబు 1: అవును. ఇంకోటి, 2002 దాకా ఆడిన పాత అరీనాలోనే 1962లో బాస్కెట్‌బాల్ ఆటగాడు విల్ట్ చాంబర్లెయిన్ ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టాడు.

జవాబు 3: టెడ్డీ బేర్ టాస్ వీడియో చూడండి. మొదటి గోల్ పడగానే జనం బొమ్మలు మంచు మీదకి విసురుతారు, తర్వాత దానం చేస్తారు. 2025 జనవరిలో 1,02,343 బొమ్మలు!