సమస్య: తడియె లేని కుంచె తడిపె పటము

ఛందస్సు ఆటవెలది. ఒక డిజిటల్ చిత్రకారుడి మూడు బొమ్మలు చూశాక తట్టిన పాదమిది: వానలో రోమన్ రౌతు, ఏథెన్సు యుద్ధనౌక, రెండు వందల ఏళ్ళ తర్వాతి నగరం. దగ్గరికి జరిపి చూస్తే నూనెరంగుల్లో లాగే కుంచె జాడలు. వాడింది మాత్రం తెర మీద స్టైలస్, అంటే సిరా లేని డిజిటల్ కలం. బొమ్మను పొగిడితే చాలదు, తడి ఎక్కణ్ణుంచి వచ్చిందో పద్యమే చెప్పాలి.

పూరణ 1
రోము వీధి లోన రౌతొక్క డరుదెంచె
నిరు రికాబు లందు నిమిడె కాళ్ళు
వాన కురియు చుండ బాగుబాగని రెల్ల
తడియె లేని కుంచె తడిపె పటము

పరిశీలన: నడక బాగుంది తమ్ముడూ, యతి దగ్గర జారావు. 'రో'కి 'రౌ' చెల్లదు, ఔకారం అకారం జట్టులోది. 'రాచ వీధి' అంటే సరి. రెండోది పెద్ద తప్పు. బొమ్మలో రికాబులే (రౌతు పాదాలు పెట్టుకునే కడియాలు) లేవు, కాళ్ళు ఊరికే వేలాడుతున్నాయి. రోమన్ రౌతులకు రికాబులు తెలియవు, వాళ్ళకు ఆసరా నాలుగు కొమ్ముల జీను. చిత్రకారుడు తెలిసి వదిలేసినదాన్ని నువ్వు తగిలించావు! పైగా ఎవరో 'బాగుబాగు' అంటే పటం తడుస్తుందా?

సవరణ: చిత్తం గురువు గారూ. మొదటి పాదంలో 'రాచ' చేశాను. తర్వాతి రెండూ ఇలా:
వేలు చున్న కాళ్ళ వెంట నీరు
జాఱి రాళ్ళ మీద చాలుగా పాఱంగ

ఇప్పుడు తడిసింది.

పూరణ 2
గాజు పలక మీద గంటమే నడయాడె
పొరల మీద పొరలు పూసె నతడు
పాత యోడ తెడ్డు పైకెత్తు నీటితో
తడియె లేని కుంచె తడిపె పటము

పరిశీలన: స్టైలస్‌ను గంటం అనడం నాకు భలే నచ్చిందమ్మా. తాటాకు మీద గీసిన గంటానికీ తడి అక్కర్లేదు కదా! ఆ నౌకకు 170 తెడ్లు. చిత్రకారుడు ఒక్క తెడ్డు చివరి చుక్కల్ని మాత్రం స్పష్టంగా చూపి, మిగతావన్నీ మసకలో కలిపేశాడు. మీరూ ఒక్క తెడ్డే పట్టుకున్నారు.

మధ్యలో ఒక మాట: అమెరికా డిజైనర్ సిడ్ మీడ్ రేపటి నగరాలను గ్వాష్ అనే నీటిరంగుతో, అంటే నిజంగా తడి కుంచెతోనే వేశాడు. తడి లేకుండా తెర మీద వేసినదాన్ని చిత్రలేఖనం అనాలా అని నా సందేహం.

జవాబు: 1991లో పెయింటర్ అనే బొమ్మలు వేసే సాఫ్ట్‌వేర్‌ను రంగు డబ్బాలో పెట్టి అమ్మారండీ. తయారుచేసినవాళ్ళకే తడి మీద మమకారం పోలేదు, మీకెలా పోతుంది?

పూరణ 3
చినుకు గీయ లేదు చిత్రకారుడు, నేల
మీద నెఱ్ఱ వెలుగు మిలమి లాడ
మేడ నీడ లన్ని మెలికలు తిరుగంగ
తడియె లేని కుంచె తడిపె పటము

పరిశీలన: మూడింట్లో ఇదే మేలు. చినుకు లేకుండా వాన చూపడమే అసలు కిటుకు. సాఫ్ట్‌వేర్‌లో మేడలు గీసిన పొరకు (లేయర్‌కు) నకలు తీసి, తలకిందులు చేసి, నిలువుగా సాగదీసి, కాస్త మసక చేస్తే రోడ్డు తడిసిపోతుంది. అందుకే 'మెలికలు' దగ్గర ఆగాను. తడి రోడ్డు మీద నీడలు నిలువుగా సాగుతాయి, మెలికలు తిరగవు.

పూరణకర్త: అక్కడ నీరు నిలిచి ఉందండీ. ఎగిరే బండి గాలికి కదిలింది. కుడి మూల చూడండి.

పెద్దది చేసి చూశాను. బండి లేదు గానీ, మడుగులో దాని వెనక దీపం ఉంది. 'మెలికలు' ఉంచేయండి.