పాము కరిస్తే తాడు కట్టాలా, వద్దా? డాక్టరు గారు కోప్పడ్డాక వచ్చిన సందేహం

వరిచేను:
అందరికీ నమస్కారం. మాది కృష్ణా డెల్టాలో ఓ పల్లె. పోయిన వారం రాత్రి నాన్న నారుమడికి నీళ్లు మళ్లించడానికి వెళ్లారు. గట్టు మీద కాలికి ఏదో కుట్టిందంటూ తిరిగొచ్చారు. చూస్తే చీలమండ పైన రెండు గాట్లు. బాబాయి నవారు తెచ్చి పిక్క మీద ఒకటి, మోకాలి పైన ఒకటి బిగించి కట్టేశాడు. ఆసుపత్రికి చేరేసరికి కాలు నల్లబడింది. డాక్టరు గారు ఆ కట్లు చూసి మమ్మల్ని బాగా కోప్పడ్డారు. విషం ఎక్కలేదని చెప్పి, ఒక రోజంతా ఉంచుకుని పంపించారు. కానీ పాము మందు సూది మాత్రం వేయలేదు. దాని మీద బాబాయి అక్కడ పెద్ద గొడవే చేశాడు. తాడు కట్టడం తప్పా? సూది ఎందుకు వేయలేదు? తెలిసినవారు చెప్పగలరు.

నైట్‌డ్యూటీ:
తమ్ముడూ, నేను ఏరియా ఆసుపత్రిలో నర్సుని. వానాకాలంలో మాకు ఇదే పని. ముందు తాడు సంగతి చెబుతాను.

బిగించి కడితే రక్తం ఆగిపోయి కాలు కుళ్లే ప్రమాదం ఉంది. పైగా రక్తపింజరి లాంటి పాము విషం కండనే తినేస్తుంది. దాన్ని ఒక్కచోట బంధిస్తే అక్కడే ఎక్కువ పాడవుతుంది. మరో సంగతి చాలామందికి తెలియదు. బిగించిన కట్టును దారిలో ఠక్కున విప్పేసినా ప్రమాదమే, ఆగిన విషమంతా ఒక్కసారి ఒంట్లోకి పోతుంది. ఎవరైనా అప్పటికే కట్టేసి ఉంటే అలాగే తీసుకొచ్చి మాకు చెప్పండి. మందు సిద్ధం చేసుకుని మేమే విప్పుతాం.

కట్టాల్సింది తాడు కాదు, బద్ద. చెయ్యి గానీ కాలు గానీ విరిగితే ఎలా కడతారో అలాగే వెదురు బద్దో, గట్టి అట్టో పెట్టి, తుండుగుడ్డతో వేలు దూరేంత వదులుగా కట్టండి. కాలు కదలకూడదు, అంతే. మెట్టెలు, పట్టీలు, ఉంగరాలు, వాచీ వెంటనే తీసేయండి, వాపు వచ్చాక అవి రావు. మనిషిని నడిపించకండి. కోయడం, నోటితో పీల్చడం, ఐసు పెట్టడం ఏవీ వద్దు. కాఫీ, సారా కూడా వద్దు. వాంతి అయ్యేలా ఉంటే ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి. కరిచిన టైమెంతో గుర్తు పెట్టుకోండి.

ఇక సూది. పాము మందును, అంటే యాంటీ వీనమ్‌ను, గుర్రాల రక్తం నుంచి తయారు చేస్తారు. కొందరికి అది ఒంటికి పడదు, దద్దుర్లు వస్తాయి, ఒక్కోసారి బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే విషం ఎక్కిన గుర్తులు కనబడితేనే వేస్తారు. రక్తం కొంచెం గాజు గొట్టంలో తీసి కదపకుండా 20 నిమిషాలు ఉంచుతాం. అప్పటికీ గడ్డకట్టకపోతే పింజరి విషం ఎక్కిందని అర్థం. మీ నాన్నగారికి ఒక రోజంతా చూసింది ఇలాంటివే. ఒకవేళ ఇంకేదైనా సూది వేసి ఉంటే అది టీటీ (ధనుర్వాతం రాకుండా వేసేది) అయి ఉంటుంది, అది పాము మందు కాదు. మీ బాబాయికి చెప్పండి, సూది వేయకపోవడం నిర్లక్ష్యం కాదని.

రచ్చబండ:
మా ఊళ్లో పసరు పోసే తాత ఉన్నాడు. ఆయన దగ్గర బతికినవాళ్లు బోలెడుమంది మరి?

నైట్‌డ్యూటీ:
బతుకుతారండీ. కరిచింది జెర్రిపోతో, నీరుకట్టో అయితే ఏమీ తాగకపోయినా బతుకుతారు. విషప్పాము కూడా ఒక్కోసారి విషం దింపకుండానే కరుస్తుంది. ఆ పేరంతా తాతకు పోతుంది. తాత దగ్గర గంట కూర్చుని ఆలస్యంగా మా దగ్గరికి వచ్చినవాళ్లను మాత్రం ఎవరూ లెక్కపెట్టరు.

బయటిదేశం:
నేను మెల్‌బోర్న్‌లో ఉంటున్నాను. ఇక్కడ కాలు మొత్తానికీ క్రేప్ బ్యాండేజీ గట్టిగా చుట్టమని నేర్పిస్తారు. అది మనకు పనికి రాదా?

నైట్‌డ్యూటీ:
అక్కడి పాముల విషం చాలావరకు మన పింజరి విషంలా కరిచిన చోట కండను తినేయదు, వాళ్లు చుట్టడం కూడా నేర్చుకుని ఉంటారు. ఇక్కడ పింజరి కాట్లు ఎక్కువ. కంగారులో మనవాళ్లు చుట్టేది చివరికి తాడు కట్టులాగే తయారవుతుంది. మన దగ్గర బద్ద చాలు.

ఇంకో మాట. కట్లపాము గురించి ఎవరూ అడగలేదు గానీ, నాకు అదంటేనే ఎక్కువ భయం. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కూడా సరిగా కనబడదు. ఒకసారి తెల్లవారుజామున ఓ పిల్లను కడుపునొప్పని తీసుకొచ్చారు. గ్యాసనుకుని ఇంటి దగ్గర సోడా పట్టించారట. మా కళ్ల ముందే రెప్పలు వాలిపోయాయి, మాట ముద్దయింది. వెంటిలేటర్ మీద పెట్టాం. అయిదో రోజు నడిచి ఇంటికి వెళ్లింది. పొద్దున్నే కారణం లేకుండా కడుపునొప్పి, రెప్పలు ఎత్తలేకపోవడం, మింగలేకపోవడం ఉంటే కాటు కనబడకపోయినా పరుగెత్తండి. ఒకవేళ శ్వాస ఆగితే ఆసుపత్రి వచ్చేదాకా నోటితో ఊదుతూనే ఉండండి. చచ్చిపోయినట్టు కనబడినా లోపల తెలివి ఉండొచ్చు.

సైరన్:
108 అంబులెన్సులో చేస్తాను. 2005 నుంచీ ఈ నంబరు ఉంది, అయినా పాము కరిస్తే ముందు పసరు తాతకే ఫోన్ వెళుతుంది! బండి ఆలస్యమయ్యేలా ఉంటే ఆగకండి. బైకు మీద పేషెంటును మధ్యలో కూర్చోబెట్టి వెనక ఒకరు పట్టుకోండి. పామును వెతికి చంపి తేవద్దు, ఆ వెతుకులాటలో రెండో మనిషికి కాటు పడుతుంది. దూరం నుంచి ఫోన్‌లో ఫొటో దొరికితే మంచిదే, దొరక్కపోయినా పర్లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకపింజరి, నాలుగింటికీ ఇచ్చే మందు ఒకటే. అన్నిటికన్నా ముఖ్యం, ఆ మందు మీ పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) ఉందో లేదో ఇప్పుడే కనుక్కోండి. రాత్రి పదకొండింటికి కనుక్కునే విషయం కాదు.

కొత్తమ్మ:
చిన్నపిల్లలకు సగం డోసు ఇస్తారా అక్కా?

నైట్‌డ్యూటీ:
లేదమ్మా, పెద్దవాళ్లకు ఇచ్చినంతే. చిన్నపిల్ల కదా అని పాము తక్కువ విషం దింపదు కదా.

వరిచేను:
అక్కా, చాలా థాంక్స్. మీ జవాబు బాబాయికి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత నవారు తీసుకెళ్లి మంచానికి చుట్టాడు. పీహెచ్‌సీకి ఫోన్ చేశాను, మందు ఉందట. నాన్నకు టార్చిలైటు, గమ్‌బూట్లు కొన్నాను. బూట్లు చూసి "బురదలో ఇవి దిగబడిపోతాయిరా" అని పక్కన పెట్టేశారు. టార్చి మాత్రం తీసుకున్నారు.

సైరన్:
ఓ కర్ర కూడా ఇవ్వండి బ్రదర్. గట్టు మీద కొట్టుకుంటూ నడవమనండి.