జర్మనీలో పెద్దవాళ్ల ఇంట్లో పని చేసిపెడుతూ ఉండటం: చవకా, చాకిరీనా?

గోదారి_గట్టు:
అక్టోబరులో మ్యూనిక్‌లో మాస్టర్స్ మొదలు. స్టూడెంట్ హాస్టల్‌కి అప్లై చేశాను గానీ వెయిటింగ్ లిస్టు ఎప్పుడు కదులుతుందో దేవుడికే తెలియాలి. బయట షేరింగ్‌లో ఒక గది 700, 800 యూరోలు చెబుతున్నారు. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచిన బ్లాక్డ్ అకౌంట్ నుంచి నెలకి చేతికొచ్చేది 992. అద్దె, ఇన్సూరెన్స్ పోతే ఇక తినేదేంటి? వెతుకుతుంటే 'వోనెన్ ఫ్యూర్ హిల్ఫె' అనే పద్ధతి కనబడింది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఇంట్లో గది ఇస్తారు, అద్దెకి బదులు మనం పనిసాయం చేయాలి. గది ఎన్ని చదరపు మీటర్లుంటే నెలకి అన్ని గంటలు. కరెంటు, నీళ్లు, హీటింగ్ ఖర్చు మాత్రం మనదే. మ్యూనిక్, కొలోన్, ఫ్రైబుర్గ్ లాంటి ఊళ్లలో ఉందట. ఇంట్లో చెబితే "లక్షలు పోసి పంపేది పాచిపనికా" అని అమ్మ గొడవ. ఎవరైనా అలా ఉన్నారా?

ఓరుగల్లు_పోరడు:
వద్దు తమ్మీ. పేరుకే సాయం. ఒక్కసారి ఇంట్లకి పోయినంక "జర ఇది కూడా చెయ్" అంటే కాదంటవా? పరీక్షలప్పుడు నువ్వు లైబ్రరీల ఉండాల్నా, వాళ్ల తోటల ఆకులు ఊడ్వాల్నా? మేం నలుగురం మనోళ్లమే కలిసి ఉంటున్నం. వంట వంతులవారీగా చేస్తం, కొత్తగ వచ్చినోనికి వీసా ఆఫీసు దాకా తోడు కూడా పోతం. కిరాయి పంచుకుంటే తలా కొంత పడ్తది, అంతే.

రైన్_ఒడ్డు:
నేను కొలోన్‌లో ఒక పెద్దావిడ ఇంట్లో ఉండే చదువు పూర్తి చేశాను. ఎనభై దాటిన మనిషి, భర్త లేరు, పిల్లలు వేరే ఊళ్లో. నా గది 15 చదరపు మీటర్లు, అంటే నెలకి 15 గంటలు. సరుకులు తేవడం, చలికాలంలో గుమ్మం ముందు మంచు తీయడం, ఆవిడ ఫోన్‌లో ఏదో నొక్కి పాడుచేస్తే బాగుచేయడం, ఇవే పనులు. ఫ్రిజ్ పక్కన గోడకి ఒక నోటుబుక్కు వేలాడేది. తేదీ, పని, ఎన్ని నిమిషాలు అన్నీ ఆవిడే రాసేది, నెలాఖరున కూడి చూపించేది. ఓ నెల నేను ఎక్కువ చేశానని తర్వాతి నెలలో తగ్గించింది కూడా. ఇంకో సంగతి: ఒళ్లు తుడవడం, మందులు వేయడం లాంటి నర్సు పనులు ఈ పద్ధతిలో ఉండవు, ముందే చెప్పేస్తారు.

ఇబ్బందులూ లేకపోలేదు. పోపు వేయాలంటే వంటింటి తలుపు మూసి, కిటికీ బార్లా తెరవాలి, జనవరిలో అయినా సరే. ఆదివారం వాక్యూమ్ క్లీనర్ ముట్టుకోకూడదు. రాత్రి పది దాటితే అమ్మానాన్నలతో వీడియో కాల్ కూడా గుసగుసల్లోనే.

ఓరుగల్లు_పోరడు:
నీకు మంచామె దొరికింది అన్నా. అందరికీ దొరుకుతదా?

లెక్కల_మాస్టారు:
దొరకడం సంగతి పక్కన పెట్టి లెక్క చూద్దాం. 2026 జనవరి నుంచి జర్మనీలో కనీస వేతనం గంటకి 13.90 యూరోలు. 15 గంటలకి సుమారు 208. మ్యూనిక్‌లో 700 పెట్టే గది 208 యూరోల కష్టానికి వస్తోంది. చిన్న ఊళ్లో హాస్టల్ గది 300కి దొరికితే మాత్రం, ఖర్చులన్నీ కలుపుకుని చూస్తే, దీనికోసం పాకులాడక్కర్లేదు.

బ్రెమెన్_అక్క:
డబ్బు లెక్క బాగానే ఉందండీ, కానీ చట్టం సంగతి ఎవరూ చెప్పలేదు. ఓనరు తను ఉంటున్న ఇంట్లోనే సామానుతో సహా ఒక గది ఇస్తే, మామూలు అద్దెదారుకి ఉండే మూడు నెలల గడువు ఉండదు. 15వ తేదీలోపు నోటీసు ఇస్తే ఆ నెలాఖరుకే ఖాళీ చేయాలి. పెద్దావిడ వృద్ధాశ్రమానికి వెళ్లిపోతేనో, పిల్లలు ఇల్లు అమ్మాలనుకుంటేనో నీ పరిస్థితేంటి, సెమిస్టర్ మధ్యలో? ఆ భయం నిజమే.

కానీ ఓరుగల్లు తమ్ముడూ, నువ్వు చెప్పే షేరింగ్‌లోనూ మెలిక ఉంది. ఇల్లు ఒకరి పేరు మీద తీసుకుని, ఓనరుకి చెప్పకుండా మిగతావాళ్లని దింపేస్తారు. చేరిన రెండు వారాల్లో అడ్రసు నమోదు చేసుకోవాలి, దానికి ఇల్లు ఇచ్చినవాళ్లు సంతకం చేసిన కాగితం కావాలి. అది లేకపోతే రెసిడెన్స్ పర్మిట్ పని ముందుకు కదలదు. మీ నలుగురికీ ఆ కాగితం ఉందా?

ఓరుగల్లు_పోరడు:
ముగ్గురికి ఉంది.

బ్రెమెన్_అక్క:
నాలుగోవాడి టెన్షన్ వాడికే తెలుసు.

గుంటూరు_అమ్మ:
ఆడపిల్లని ముక్కూమొహం తెలియని ఇంట్లో ఉంచడానికి మావారు అస్సలు ఒప్పుకోలేదండీ. నేనే పట్టుబట్టి, మా అమ్మాయికి గది ఇస్తానన్న ముసలావిడతో వీడియోలో మాట్లాడాను. మా అమ్మాయి మధ్యలో కూర్చుని ఆవిడ మాట నాకూ నా మాట ఆవిడకీ చెప్పింది. ఆవిడ మొదట అడిగింది "మీ అమ్మాయికి పిల్లులంటే భయమా" అని. ఇప్పుడు మావారే ఆవిడకి ఆవకాయ పంపమంటున్నారు. కారం తినలేదని చెప్పినా వినరే!

గోదారి_గట్టు:
అయితే ఇక్కడి నుంచే గది ఖాయం చేసుకోవచ్చా?

రైన్_ఒడ్డు:
కష్టం. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నాకే గది ఇస్తారు. పెద్దవాళ్లలో చాలామందికి ఇంగ్లిష్ రాదు కాబట్టి జర్మన్‌లో నాలుగు మాటలైనా మాట్లాడగలగాలి. మొదటి కొన్ని వారాలకి వేరే చోటు చూసుకుని, అక్కడికి వెళ్లాక అప్లై చెయ్యి. ఎవరైనా "నేను ఊళ్లో లేను, డిపాజిట్ పంపితే తాళంచెవి పోస్టులో పంపిస్తా" అంటే అది మోసమే, జవాబు కూడా ఇవ్వకు.

ఓరుగల్లు_పోరడు:
పోతే పో తమ్మీ, కాదంటలేను. కానీ పరీక్షల నెలల గంటలు తర్వాతి నెలకి జరుపుకోవచ్చని కాగితం మీద రాయించుకో, నోటిమాట నమ్మకు. అట్ల రాయనంటే నాకు మెసేజ్ పెట్టు. నవంబర్ల మా దోస్తుల ఇంట్ల ఒకడు ఖాళీ చేస్తుండు. అడ్రసు కాగితం ఉన్న బెడ్డే, అక్కా.